ఆ గోలీ పేరు వినంగనే నవ్వేటోళ్లకు, దాన్ని దాచిపెట్టే మనోళ్లకు



లక్సెట్టిపేట హాస్టల్ నుంచి మేము రాస్తున్నం. పోస్టు పొడుగ్గ ఉంటది, ఓపికతో చదవుండ్రి. స్కాలర్‌షిప్ గురించి కాదు, మెస్ బిల్లు గురించి కాదు. రెండు గోలీల గురించి. ఆ రెండూ ఒకే ఒంట్లో పడితే మనిషి ప్రాణం మీదికి ఎట్ల వస్తదో మేము కండ్లార చూసినం.

మా రూమ్‌ల ఉండే తమ్ముడి మేనత్తకు పుట్టుకతోనే గుండెకు రంధ్రం ఉన్నది. చిన్నప్పుడు ఎవరూ చూడలే. ముప్పై దాటినంక మెట్లెక్కినా దమ్ము, బిందె ఎత్తినా దమ్ము, పెదవులు నీలం. హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీస్కపోతే పల్మనరీ హైపర్‌టెన్షన్ అన్నరు. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కాదిది. గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే రక్తనాళాల్లో ఒత్తిడి పెరగటం. ఆ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని నెట్టి నెట్టి గుండె కుడి భాగం అలిసిపోతది. రెండు మందులు రాసిచ్చిన్రు: బోసెంటాన్, సిల్డెనాఫిల్.

చీటీ పట్టుకొని తమ్ముడు మెడికల్ షాపుకు పోయిండు. కౌంటర్ మీద ఉన్నాయన చదివి, పక్కాయనకు చూపిచ్చి, "ఎవనికిరా, నీకేనా?" అని నవ్విండు. షాపుల ఉన్నోళ్లంత నవ్విన్రు. పందొమ్మిదేండ్ల పోరడు, తల దించుకొని వచ్చిండు. ఇంట్లో సంగతి తెలిసినంక మామ ఆ గోలీలను పట్టీల నుంచి తీసి ఒక డబ్బాల పోసిండు. ఎవరడిగినా బలం గోలీలని చెప్పుండ్రి అన్నడు.

వానకాలం ఒక రాత్రి అత్తకు ఛాతీల నొప్పి లేచింది. ఊళ్లె ఆర్‌ఎంపీని పిలిచిన్రు. ఆయన అడిగిండు, ఏం మందులు వాడుతున్నరని. బలం గోలీలని చెప్పిన్రు. ఆయన గుండెనొప్పి అనుకొని నాలుక కింద సార్బిట్రేట్ పెట్టిండు. కొద్దిసేపట్లనే చల్లని చెమటలు, కండ్లు తేలేసుడు, బీపీ మిషన్‌కు అందలే. 108 వచ్చి మంచిర్యాలకు తీస్కపోయేసరికి అర్ధరాత్రి దాటింది. అదృష్టం, బతికింది.

ఇప్పుడు అందరూ ఆర్‌ఎంపీని తిడుతున్నరు. మేము ఒప్పుకోం. ఆయన అడగాల్సిన ప్రశ్న అడిగిండు. జవాబే అబద్ధం. ఆ అబద్ధం ఇంట్లో పుట్టలే, మెడికల్ షాపు కౌంటర్ మీద ఆ నవ్వుల పుట్టింది.

ఎందుకట్ల అయిందో పుస్తకాలు తిరగేసినం. సార్బిట్రేట్ నైట్రేట్ జాతి మందు. ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ ఇచ్చి రక్తనాళాలను వదులు చేస్తది. ఆ వదులు చేసే సంకేతం కాసేపటికి చెరిగిపోవాలె. సిల్డెనాఫిల్ పనే దాన్ని చెరగనియ్యకుండ ఆపుడు. అంటే ఒకటి నల్లా తిప్పుతది, ఇంకోటి ఆ నల్లాను కట్టేయనియ్యది. ఒంట్లో నాళాలన్నీ ఒక్కసారే సడలిపోతే బీపీ పాతాళానికి పోతది. సిల్డెనాఫిల్ వేసుకున్నంక 24 గంటలు, తడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ దగ్గరికి రానియ్యొద్దంటరు. రోజుకు మూడు పూటలు వేసుకునే మనిషికి ఆ 24 గంటలు ఎప్పటికీ ముగియవు. ఇదే జబ్బుకు వాడే రియోసిగ్వాట్ కూడ సిల్డెనాఫిల్‌తో కలవకూడదు, కారణం అదే.

ఇగ నవ్వినోళ్లకు ఒక మాట. ఈ మందును ఫైజర్ కంపెనీ మొదలు పరీక్షించిందే గుండెనొప్పి కోసం. 1998ల వయాగ్రా పేరుతోటి అమ్ముడయింది కాబట్టి మీకు ఆ ఒక్క ఉపయోగమే తెలుసు. 2005 నుంచి అమెరికాల ఊపిరితిత్తుల బీపీకి కూడ అనుమతి ఉన్నది. ఆడోళ్లకు రాస్తరు, చిన్న పిల్లలకు కూడ డాక్టర్లు రాస్తరు. నవ్వే ముందు చీటీ మీద పేషెంట్ పేరు చూసినా, ఆడమనిషి అని తెల్సేది.

మళ్ల చట్టం ఏమంటది? 1948 ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టర్ చీటీ మీద మందు ఇయ్యాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్. గోడకు సర్టిఫికెట్ ఒకాయనది వేలాడుతది, కౌంటర్ల ఇంకొకాయన ఉంటడు. ఇది మనందరం చూసిందే, కొత్తగ చెప్పేదేం లేదు. నిజమైన ఫార్మసిస్ట్ ఉంటే "అమ్మా, ఈ గోలీ వాడుతున్నన్ని దినాలు నాలుక కింద గోలీ పెట్టనియ్యకుండ్రి" అని ఒక్క ముక్క చెప్పేటోడు. నవ్వటానికి పట్టినంత సేపు కూడ పట్టది.

ఇదంతా వందల ఒక్కరికి వచ్చే జబ్బు, మనకెందుకని కొందరన్నలు అంటున్నరు. మన ఇండ్లల్లకు రండ్రి, చూపిస్తం. మన గూడేలల్ల సికిల్ సెల్ ఉన్నది. గుండెలకు కేథటర్ పంపి చూసిన విదేశీ పరిశోధనల్లో, సికిల్ సెల్ ఉన్న పెద్దోళ్లల్ల నూటికి 6 నుంచి 10 మందికి ఊపిరితిత్తుల బీపీ కనపడ్డది. పోనీ వాళ్లకు ఇదే సిల్డెనాఫిల్ ఇద్దామా అంటే, అక్కడా ఒక లొల్లి ఉన్నది. 2009ల అమెరికా, బ్రిటన్‌లల్ల సికిల్ సెల్ వాళ్ల మీద ఈ మందు పరీక్ష నడుస్తుంటే మధ్యలోనే ఆపేసిన్రు. ఉత్త గోలీ వేసుకున్నోళ్ల కంటే ఈ మందు వేసుకున్నోళ్లల్ల ఎక్కువ మంది నొప్పులతోటి దవాఖానల పడ్డరు. అంటే ఒకరికి పనిచేసిన చీటీ చూసి ఇంకొకరికి కొనుక్కొచ్చుడు మనదగ్గర ఎంత ప్రమాదమో ఆలోచించుండ్రి. 2023 జులైల సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలువెట్టిన్రు, పరీక్షలు చేస్తున్నరు, కార్డులు ఇస్తున్నరు, మంచిదే. ఆ కార్డు పక్కన "ఈ మనిషి ఏ మందులు వాడుతున్నడు, ఏవి ఇయ్యొద్దు" అని తెలుగుల రాసిన ఇంకొక కాగితం ఎందుకుండొద్దు?

టీబీ సంగతి చూడుండ్రి. రిఫాంపిసిన్ గోలీ మన గూడేలల్ల తెలియనోళ్లు లేరు, మూత్రం ఎర్రగ వచ్చేది అదే. అది కాలేయాన్ని ఉరికిచ్చి బోసెంటాన్‌ను, సిల్డెనాఫిల్‌ను గబగబ కరిగిచ్చేస్తది. మనిషి గోలీలు మింగుతనే ఉంటడు, దమ్ము మాత్రం పెరుగుతనే ఉంటది. అసలు బోసెంటాన్ కూడ సిల్డెనాఫిల్‌ను కొంత తగ్గిస్తది. అది తెలిసే డాక్టర్లు లెక్క చూసుకొని రెండూ ఇస్తరు. అందుకే మనంతట మనం ఒకటి ఆపుడు, ఒకటి పెంచుడు చెయ్యొద్దు.

హాస్టల్ పిల్లలకు బాగ తెలిసింది తామర. దానికి ఇట్రాకొనజోల్ గోలీలు బఠానీల లెక్క పంచుకుంటం, మేము కూడ పంచుకున్నోళ్లమే. అది రిఫాంపిసిన్‌కు ఉల్టా పని చేస్తది, సిల్డెనాఫిల్‌ను ఒంట్లో పేరుకపోయేటట్టు చేస్తది. గుండె బలహీనంగ ఉన్నోళ్లకు అది విడిగ కూడ మంచిది కాదు.

అక్కలకు, చెల్లెండ్లకు ఇంకోటి. దీన్ని ఎవరూ నోరు తెరిచి చెప్పరు కాబట్టి మేమే రాస్తున్నం. బోసెంటాన్ వాడుతుంటే పిల్లలు కాకుండ వేసుకునే హార్మోన్ గోలీలు పనిచెయ్యకుండ పోవచ్చు. ఈ జబ్బుల గర్భం వస్తే తల్లి ప్రాణానికే ముప్పు, ఆ మందు కడుపుల బిడ్డకు హాని. మా అత్తకు ఈ ముచ్చట ఎవరన్నా చెప్పిన్రా అని అడిగితే లేదన్నది. డిశ్చార్జి కాగితంల ఉన్నదేమో, అదంతా ఇంగ్లీషుల ఉన్నది. మామకు తెలుగే కూడబలుక్కొని చదువుడు.

మీరు డాక్టర్లా, జనాన్ని భయపెడుతున్నరా అని ఒకరిద్దరు పెద్దోళ్లు ఫోన్ చేసిన్రు. కాదు సార్, మేము డాక్టర్లం కాదు. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం, అందుకే చీటీలన్నీ మా దగ్గరికే వస్తయి. ఊళ్లె ఎవరికి జరమొచ్చినా "పిలగాడు చదువుకుండు, చదివి చెప్తడు" అని మాకే ఇస్తరు. మేము బీఎస్సీ సెకండియర్. చదివి చెప్పాల్సినోళ్లు చెప్తే మేమెందుకు చెప్తం?

మందుతో ఏదన్న తేడా జరిగితే ఫిర్యాదు కాదు, సమాచారం ఇయ్యటానికి కేంద్ర ప్రభుత్వ నంబర్ ఉన్నది, 1800-180-3024, ఫ్రీ. రోగులు కూడ చెయ్యొచ్చు. అత్త విషయం మేము చెప్పినం.

అత్త గోలీలు మళ్ల పట్టీలల్లకే వచ్చినయి. అట్ట ముక్క మీద స్కెచ్ పెన్నుతోటి "ఊపిరితిత్తుల బీపీ ఉన్నది. సిల్డెనాఫిల్, బోసెంటాన్ వాడుతున్నది. సార్బిట్రేట్, నైట్రేట్ ఇయ్యొద్దు" అని తెలుగుల, ఇంగ్లీషుల రాసి సంచిల పెట్టినం. మామ ఇప్పుడు ఎవరడిగినా పేరు పెట్టి చెప్తున్నడు, మొదటిసారి చెప్పేటప్పుడు గొంతు వణికింది. అసొంటి అట్టలు గోండి, కొలామిల కూడ చెయ్యాలె. గోండి మేము రాసుకుంటం. కొలామి రాసేటోళ్లు ఎవరన్న ఉంటే కింద చెప్పుండ్రి, ఆదివారం లక్సెట్టిపేట బస్టాండ్ కాడ కలుద్దాం.