రాయితీ ఎవరి జేబులోంచి?

అరవై దాటినవాళ్లకు థీమ్ పార్కుల్లో టికెట్టు తగ్గించాలా అంటే, తప్పకుండా తగ్గించాలి. హైదరాబాద్ శివార్లలో రావిర్యాల దగ్గరున్న వండర్‌లాలో పెద్దవాళ్లకు విడిగా తక్కువ ధర టికెట్టు ఉంది. ఆ పని మిగతావాళ్లూ చేయాలి. పెద్ద రైడ్ల దగ్గర బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఎక్కకూడదని బోర్డులుంటాయి. అవ్వ చేసేదల్లా మనవళ్ల చెప్పులు, సెల్‌ఫోన్లు, తడిబట్టలు ముందేసుకుని నీడపట్టున కూర్చోవడమే. ఎక్కనివ్వని దానికి ఆమె దగ్గర పూర్తి డబ్బులు గుంజడం న్యాయం కాదు. పైగా ఆమె లోపలికి వచ్చినందుకు పార్కు యజమానికి అదనంగా అయ్యే ఖర్చూ పెద్దగా ఉండదు.

నల్లమలలోని నరసింహ క్షేత్రం అహోబిలంలో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడికి చేరేదాకా పరవాలేదు. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలో అరవై దాటినవాళ్లకు పాతిక శాతం రాయితీ ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టే లేదు. (రైళ్లలో పెద్దవాళ్లకిచ్చే రాయితీని కరోనా రోజుల్లో, 2020 మార్చిలో ఎత్తేశారు. కరోనా పోయింది, రాయితీ మాత్రం తిరిగి రాలేదు. ఇది క్షమించరాని పని.) దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుణ్ణి ఎవరైనా చూసుకోవచ్చు. ఎగువ అహోబిలం దాకా బస్సు పోతుంది. చిక్కంతా ఆ తర్వాతే. జ్వాలా నరసింహుడి దగ్గరికి భవనాశిని వాగు వెంబడి బండల మీద ఎక్కిపోవాలి. పావన నరసింహుడి దగ్గరికి నల్లమల అడవి దారిలో జీపు కుదుపులకు ఓర్చుకోవాలి. వయసులో ఉన్న కుర్రాడు చేతికర్ర పట్టుకుని నడిచిపోతాడు, అతనికి డోలీ ఖర్చే లేదు. డెబ్బై ఏళ్ల పెద్దాయన డోలీ ఎక్కాలి. నెలకు వచ్చే 4,000 రూపాయల పింఛను మీద బతికే మనిషి డోలీ ధర అడిగి వెనక్కి తగ్గుతాడు. వయసు మీదపడేకొద్దీ అక్కడ దర్శనం ఖరీదు పెరుగుతూ పోతుంది.

ఎగువ అహోబిలంలో కాసేపు నిలబడితే ఈ మాట వినపడుతుంది: "మీరు పిల్లోల్లను పిల్చకపోయి రాండి నాయనా, నేనీడనే కూచ్చొనుంటా." కాళ్లనొప్పులని చెబుతారు. కొడుకు జేబు సంగతి తెలిసి అంటున్నారని పక్కనున్నవాళ్లకు అర్థమవుతూనే ఉంటుంది. కొడుకు ఒకసారి డోలీ వైపు చూసి, ఏమీ అనకుండా పిల్లల చేయి పట్టుకుంటాడు.

అయితే డోలీ ధర సగానికి తగ్గించండని ఉత్తర్వు ఇస్తే సరిపోతుందా? పోదు. ఆ సగం మోసేవాళ్ల కూలీలోంచి పోతుంది. మనిషి బరువును భుజానికెత్తుకుని, జారే బండల మీద అడుగు చూసుకుంటూ నడిచేవాడి కష్టానికి వయోవృద్ధుల రాయితీ ఉండకూడదు. పార్కులో రాయితీ యజమాని లాభంలోంచి పోతుంది, ఆయనకది భారం కాదు. ఇక్కడ మాత్రం ఎవరో ఒకరు నిజంగా డబ్బు తీసి కట్టాలి.

ఆ ఎవరో అహోబిల మఠమే ముందుగా కావాలి. ఈ ఆలయానికి ప్రభుత్వం ఈవోను పెట్టే అధికారం లేదని 2022 అక్టోబరులో హైకోర్టు తేల్చింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లినా 2023 జనవరిలో అక్కడా చుక్కెదురైంది. ఆ తీర్పు సరైనదనే నా నమ్మకం. పెత్తనం పూర్తిగా మఠానిదే అయినప్పుడు, మెట్ల కింద ఆగిపోయిన ముసలివాళ్ల బాధ్యతా మఠానిదే. ఆ క్షేత్రం ఆచారం కూడా అదే చెబుతోంది. సంక్రాంతి తర్వాత పారువేట ఉత్సవంలో స్వామి పల్లకీలో కొండ దిగి, నలభై రోజులకు పైగా ముప్పైకి పైగా పల్లెలు తిరుగుతాడు. తన పెళ్లికి రమ్మని తానే వచ్చి పిలుస్తాడని ఆ పల్లెల్లో చెప్పుకుంటారు. మంచం పట్టిన అవ్వ కూడా వాకిట్లోనే దండం పెట్టుకుంటుంది. అంతదూరం వచ్చి పిలిచిన దేవుడి దగ్గరికి, వాగు గట్టు దాకా వచ్చిన మనిషిని చేర్చలేమా?

డబ్బున్నవాళ్లూ ఈ సాయం వాడుకుంటారని కొందరు అభ్యంతరం చెబుతారు. వాడుకోనీ. అరవై ఐదో డెబ్బయ్యో దాటిన మనిషిని బండల మధ్య నిలబెట్టి తెల్లకార్డు చూపించమనడం కంటే, ఒక రిటైర్డు ఆఫీసరుకు కొంత డబ్బు మిగిలిపోవడమే నయం. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం చాలు.

అన్నదానానికి రాసిచ్చే దాతలు మనకు కొదవ లేదు. డోలీకి రాసివ్వమని అడిగినవాళ్లే లేరు. మఠం ఒక నిధి పెట్టి, డోలీ ధర, మోసేవాళ్ల కూలీ, పెద్దవాళ్లు కట్టాల్సిన సగం ఎగువ అహోబిలంలో తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయించాలి. మిగతా సగం నిధి నుంచి ఆ సాయంత్రానికే మోసినవాళ్ల చేతికందాలి. అటవీ దారుల్లో జీపుల సంగతి అటవీశాఖతో, నంద్యాల జిల్లా కలెక్టరుతో కూర్చుని తేల్చుకోవచ్చు. దానికి సమయం పట్టినా డోలీకి అక్కర్లేదు. నెలనెలా స్వాతి నక్షత్రం నాడు జనం ఎటూ వస్తారు. వచ్చే స్వాతి నాడు ఆ ఒక్కరోజుకైనా మొదలుపెట్టి చూడండి.