తెల్లమట్టి, ఎర్రమట్టి

ఈ నెల చైనాలోని జియాంగ్సీ రాష్ట్రం సంగతి. జనాభా 4 కోట్ల 50 లక్షలు. పొయాంగ్ సరస్సు చుట్టూ వరి, దక్షిణాన నారింజ తోటలు, దెషింగ్‌లో రాగి, దాయూలో టంగ్‌స్టన్. ఇవన్నీ ఒక్క పేజీలో ఇమడ్చడం మా తరం కాదు గనుక, మట్టి ఒక్కదాని గురించే వ్రాస్తున్నాము.

పింగాణీకి వాడే తెల్లమట్టిని కేవొలిన్ అంటారు. ఆ మాట జింగ్‌దెజెన్ పట్టణం దగ్గరున్న గావ్‌లింగ్ అనే ఊరి పేరు నుంచి వచ్చింది. ఆ మట్టిలో రాతిపొడి కలిపి సుమారు 1300 డిగ్రీల వేడిలో కాల్చడం అక్కడి కుమ్మరుల విద్య. దాంత్రెకోల్ అనే ఫ్రెంచి మతగురువు 1712లో ఆ వివరాలన్నీ ఉత్తరంలో వ్రాసి స్వదేశానికి పంపాడు. (ఇప్పుడైతే దీన్ని గూఢచర్యం అంటారు.)

ఎర్రమట్టి కథ ఇంత ముచ్చటైనది కాదు. రాష్ట్రానికి దక్షిణపు కొసన గాంజౌ జిల్లాలో గ్రానైట్ కొండలు ఎండకూ వానకూ మెత్తబడి మట్టి అయ్యాయి. 1969లో లుంగ్నాన్ దగ్గర ఆ మట్టిలో విరళ మృత్తికలు, అంటే రేర్ ఎర్త్‌లు, ఉన్నట్టు కనుగొన్నారు. ఆవర్తన పట్టిక అడుగున విడిగా ఉంటే, పరీక్షలో రావులెమ్మని మనం వదిలేసిన వరుస ఇదే. వాటిలో డిస్ప్రోసియం, టెర్బియం కలిపిన అయస్కాంతం వేడిలో కూడా బలం నిలుపుకుంటుంది. విద్యుత్ కార్ల మోటార్లకు కావలసింది అదే.

మట్టిలో వీటి పాలు వెయ్యింట ఒకటికి అటూ ఇటూ. అమ్మోనియం సల్ఫేట్ కలిపిన నీళ్ళు పోస్తే మట్టిని వదిలి నీటిలోకి వస్తాయి. పొలానికి వేసే ఎరువే అది! పని ఇంత సులువు కావడమే చేటయింది. ఏళ్ళ తరబడి చిన్నా పెద్దా వ్యాపారులు కొండల పైమట్టి ఒలిచి, తొట్లలో నానబెట్టి, మిగిలిన దాన్ని వాగుల పాలు చేశారు. హాంకాంగ్ ప్రజలు త్రాగే నీటిలో ఎక్కువ భాగం ఇచ్చే దొంగ్‌జియాంగ్ నది పుట్టేది ఈ జిల్లా కొండల్లోనే.

గాంజౌలో పాడైన నేలను బాగుచేయడానికి 3,800 కోట్ల యువాన్లు కావాలని 2012లో చైనా ప్రభుత్వమే అంచనా వేసింది. అంతకు ముందు ఏడు రాష్ట్రంలోని రేర్ ఎర్త్ పరిశ్రమ అంతా కలిసి ఆర్జించిన లాభం 640 కోట్ల యువాన్లు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడమని పాఠకులను కోరుతున్నాము.

తరువాత చాలా గనులు మూసి, కొండలపై మళ్ళీ మొక్కలు నాటారు. వ్యాపారం మాత్రం ఊరు వదలలేదు. 2021లో ఏర్పడిన ప్రభుత్వ రేర్ ఎర్త్ సంస్థకు ప్రధాన కార్యాలయం గాంజౌలోనే. 2025 ఏప్రిల్‌లో ఏడు మూలకాల ఎగుమతికి చైనా అనుమతి తప్పనిసరి చేస్తే, కొద్ది వారాల్లోనే ఇతర దేశాల్లో కొన్ని కార్ల ఫ్యాక్టరీలు పని ఆపవలసి వచ్చింది.

కొండలు తొలిచే పని చాలామటుకు చైనా సరిహద్దు దాటి మయన్మార్‌లోని కచిన్ ప్రాంతానికి పోయింది. అక్కడి కొండల్లో పోస్తున్నదీ ఆ అమ్మోనియం సల్ఫేట్ నీళ్ళే.