అందరికీ 120/80 ఎలా వచ్చింది?

తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, ఛాతీలో మంట అంటూ మా ఓ.పి.కి వచ్చేవారిని నాలుగు మాటలు కదిపితే, చాలామంది దగ్గర ఒకే సంగతి బయటపడుతుంది. "మా ఆఫీసులో పని చేసేది నేనొక్కడినే డాక్టరుగారూ. పక్క సీటాయన పదకొండింటికి వస్తాడు, రాసిందంతా తప్పుల తడక. అది దిద్దేసరికి నాకు రాత్రవుతుంది" అంటారు. బడి టీచరమ్మలదీ ఇదే మాట, కొట్లో లెక్కలు రాసేవారిదీ ఇదే మాట. మాత్రలు రాసి పంపడం మాకు తేలికే. అయితే మీకు సలహా చెప్పేముందు మా ఇంటి సంగతి ఒప్పుకోవాలి గదా.

కొన్నేళ్ల క్రితం మా వార్డులో ఒక చార్టు చూశాం. పన్నెండు మంచాలకూ వరుసగా బి.పి. 120/80. అందులో ఒకాయన బి.పి. ఎక్కువై చేరినవాడే! ఆరా తీస్తే, ఒక ఉద్యోగి చేతికి పట్టీ కట్టకుండానే అంకెలు వేస్తున్నట్టు తేలింది. తరువాతి డ్యూటీ సిస్టర్ గారికి ఇది నెలల తరబడి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. రోజూ అరగంట ముందే వచ్చి అందరికీ మళ్లీ చూసేవారు. "చెబితే ఉద్యోగం పోతుందేమో, పిల్లలున్నావిడ" అన్నారు. చివరకు తలనొప్పితో తానే పరీక్షకు వస్తే ఆమె బి.పి. 160/100. మేమేమో ఆమె ముందుగా రావడం చూసి మీటింగులో మెచ్చుకున్నాం. ఎందుకు రావాల్సి వస్తోందని ఒక్కరమూ అడగలేదు.

ఆమెది దయే, కాదనం. కానీ ఆమె సెలవు పెట్టిన రోజు ఆ పన్నెండు మందికీ బి.పి. చూసినవారే లేరు. ఒకరి పని ఇంకొకరు గుట్టుగా చేసిపెట్టడాన్ని ఓర్పు అనడం మానుకోవాలని మా అభిప్రాయం.

అలాగని కేకలేస్తే పని జరుగుతుందా? 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, తోటి డాక్టర్లు శవపరీక్ష చేసిన చేతులతోనే కాన్పులు చేస్తున్నందున బాలింతలు జ్వరంతో చనిపోతున్నారని గ్రహించాడు. క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగిస్తే మరణాలు బాగా తగ్గాయి. అయినా చాలామంది ఒప్పుకోలేదు. తరువాత ఆయన వారిని హంతకులంటూ బహిరంగంగా ఉత్తరాలు రాశాడు. ఆయన చెప్పింది నిజమే, కానీ ఆ తిట్లతో మారినవారు తక్కువ. 1865లో పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. అదే అమెరికాలో 2000 తరువాత ప్రొనొవోస్ట్ అనే డాక్టరు, పెద్ద రక్తనాళంలో గొట్టం పెట్టేటప్పుడు చేయాల్సిన ఐదు పనులు ఒక కాగితం మీద రాసి, ఏది తప్పినా డాక్టరునైనా ఆపే హక్కు నర్సుకు ఇప్పించాడు. మిషిగన్ రాష్ట్రంలో ఈ పద్ధతితో ఆ గొట్టాల వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు ఎంతగానో తగ్గినట్టు 2006లో ప్రచురించారు.

మా ఉద్యోగిని పిలిచి కూర్చోబెట్టి అడిగితే తెలిసిందేమంటే, స్టెతస్కోపులో ఆ చప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆమెకు సరిగా తెలియదు. అడగడానికి సిగ్గుపడింది. వారం రోజులు పక్కన నిలబెట్టి నేర్పించాం. అందరూ ఇలా బాగుపడరు లెండి. తెలిసీ చేయని ఒకతనికి రెండుసార్లు రాతపూర్వకంగా చెప్పి, చివరకు పంపించేశాం.

మీ ఆఫీసులోనూ తప్పు కనబడిన రోజే, నలుగురిలో కాకుండా, ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఆ మనిషికే చెప్పండి. రెండోసారి జరిగితే పైవారికి తేదీ వేసి రాసివ్వండి. కాంట్రాక్టు ఉద్యోగమై నోరెత్తితే పోతుందనే భయముంటే, మీ వంతు పని ఎప్పుడు ముగించారో అయినా రాసి ఉంచుకోండి. రోజూ అన్నం పళ్లెం ముందు ఆ పంచాయితీ పెట్టకండి, పిల్లలు కూడా వింటున్నారు.

ఇక మా దగ్గర మంచం మీద ఉన్నప్పుడు, మీ చేతికి పట్టీ కట్టకుండా ఎవరైనా చార్టులో బి.పి. రాస్తే, "అమ్మా, నాకింకా చూడలేదు" అనండి. అక్కడ ఎవరూ వినకపోతే నర్సింగ్ సూపరింటెండెంట్ గారి గది మెట్ల పక్కనే ఉంది.