పులస పాపం మనదే

గోదావరికి ఎర్రనీళ్లు దిగాయంటే చాలు, మా జిల్లాల పత్రికల్లో ఏటా అదే వార్త. యానాంలోనో బొబ్బర్లంకలోనో వలకు పులస పడింది, వేలంలో ఇన్ని వేలు పలికింది, ఫలానా ఊరి ఆసామి పాడుకుని పట్టుకెళ్లాడు. పక్కన చేపను రెండు చేతులా ఎత్తి చూపిస్తున్న ఫొటో. ఒక్క చేప ఇరవై వేలు దాటితే మరింత పెద్ద అక్షరాలు. రాసింది మేమే, చదివి నోళ్లు తెరిచింది మీరే. అంత ధర ఎందుకు పలికిందని మనలో ఎవరమూ నిలదీసుకోలేదు. ఏట్లో చేప లేదు కాబట్టి పలికింది. కరువొస్తే దాన్ని ఘనత కింద చెప్పుకున్నాం.

పులస సంగతి గోదారి గట్టున పుట్టినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెలిసి కూడా పట్టించుకోలేదు కాబట్టి మళ్లీ చెప్పుకోవాలి. సముద్రంలో పెరిగే చేప అది. జూలైలో వరద మొదలయ్యేసరికి గౌతమి, వశిష్ఠ ముఖాల్లోంచి లోపలికొచ్చి, ఏటికి ఎదురీది, మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. పెద్ద ఆడచేప కడుపులో గుడ్లు లక్షల్లో ఉంటాయి. పిల్లలు కొన్ని నెలలు ఏట్లోనే పెరిగి సముద్రానికి దిగిపోతాయి. అవి మళ్లీ పెద్దవై ఇదే దారిన రావాలి. ఈ రాకపోకల్లో ఎక్కడ తెగినా ఆ తర్వాత ఏళ్లలో వల ఖాళీగా పైకొస్తుంది.

మనం చేసిందేమిటి? సరిగ్గా జన, అంటే కడుపులో గుడ్లు, ఉన్న పులసకే ఎక్కువ ధర కట్టాం. మట్టి దాకలో, కట్టెల పొయ్యి మీద, చింతపండు పులుసులో బెండకాయలు వేసి సన్నసెగన మరగనిచ్చి, రాత్రంతా అలా ఉంచి మర్నాడు తినే ఆ కూరంటే ఇష్టం లేనివాడెవడు? ఇంటికొచ్చిన అల్లుడి కంచంలో జన ముక్క వేయడం మర్యాద అనుకున్నాం. పనులున్న ఆఫీసర్లకూ, పదవులున్న నాయకులకూ థర్మాకోల్ పెట్టెల్లో ఐసు పేర్చి హైదరాబాద్ పంపించాం. పుస్తెలమ్మైనా పులస తినాలని పిల్లలకు నేర్పాం. గుడ్లు పెట్టడానికి ఇన్ని మైళ్లు ఎదురీదిన తల్లిని గుడ్లు పెట్టకముందే తినేస్తున్నామని ఆ పిల్లలకు ఒక్కనాడూ చెప్పలేదు.

ఆనకట్ట సంగతి. 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర నదికి అడ్డంగా గోడ కట్టాడు. డెల్టా అన్నం తింటున్నది ఆ పుణ్యమే, కాదనను. ఆయన విగ్రహానికి దండ వేయని ఊరు లేదు. నదుల మీద కట్టే ఆనకట్టలు వలస చేపకు ఏం చేస్తాయో, సన్నకన్ను వలలు చేపపిల్లలను ఎలా ఊడ్చేస్తాయో ఫ్రాన్సిస్ డే అనే మద్రాసు సైన్యపు వైద్యుడు 1873లోనే ప్రభుత్వానికి నివేదికగా రాసి ఇచ్చాడు. అంటే నూట యాభై ఏళ్లుగా తెలిసిన విషయమే. పాత ఆనకట్ట దొరల కాలానిది అని సరిపెట్టుకుందాం. దాని స్థానంలో 175 గేట్లతో 1982 నాటికి పూర్తయిన బ్యారేజీ మనది, మన ప్రభుత్వాలు మన డబ్బుతో కట్టింది. కాలవలకు నీళ్లెన్ని వస్తాయని అడిగాం, లాకులెప్పుడు తీస్తారని ధర్నాలు చేశాం. చేప దాటే దారి గురించి మాత్రం వీధికెక్కి అడిగిన పాపాన పోలేదు.

ఇప్పుడు పోలవరం స్పిల్‌వేలో చేపల నిచ్చెన కట్టారు. పులస లాంటి చేపలు పైకెక్కడానికే కట్టారు, మంచిదే. కానీ ధవళేశ్వరం దాటితే కదా పోలవరం చేరేది! గేట్లు ఎత్తిన వరద రోజుల్లో దాటినవి దాటగా, మిగిలినవి బ్యారేజీ కింద నీళ్లలోనే తచ్చాడుతుంటాయి. అక్కడ వల వేస్తే పడతాయని అందరికీ తెలుసు. అందుకే అక్కడే వేస్తారు. అక్కడ పట్టిన చేప అని చెబితే మనం ఇంకో రెండు వేలు ఎక్కువిస్తాం.

వలల గురించి కొంచెం ఆగి మాట్లాడాలి, ఎందుకంటే తప్పు మొత్తం మత్స్యకారుల మీదకు తోసేయడం మనకు అలవాటు. నూలు వలల రోజుల్లో వల ఇంటి ఆస్తి. ఇంటిల్లిపాదీ కూర్చుని అల్లేవారు, చెట్టు బెరడు కషాయంలో ఉడకబెట్టి ఆరేసేవారు, చిరిగిన కన్ను ఆ సాయంత్రమే కుట్టేవారు. అశ్రద్ధ చేస్తే నూలు కుళ్లిపోతుంది. తంగూసు వల వచ్చాక ఆ భయం పోయింది. అది కుళ్లదు. చిరిగితే కుట్టుకునే పొద్దు కంటే కొత్తది కొనడం తేలిక. పాతది ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. తెచ్చి ఇస్తే తీసుకునే చోటు మన ఊరి రేవులో లేదు. అందుకని అది ఏటికే పోతోంది.

ఏ రేవుకైనా వెళ్లి నీటి అంచున చూడండి. బురదలో సగం కూరుకుపోయిన తంగూసు వల ముక్క కనబడుతుంది. బెండ్లు ఊడిపోయి ఉంటాయి, సీసం గుళ్లు మాత్రం దాన్ని అడుగుకు లాగిపెడుతుంటాయి. కన్నులో అరచేయంత చేపపిల్ల తల దూర్చి ఇరుక్కుని ఉంటుంది. పొట్ట పట్టక ముందుకు పోలేదు, మొప్పకు దారం తగులుకుని వెనక్కీ రాలేదు. వల వేసినవాడికి అది దక్కలేదు, తినేవాడికీ దక్కలేదు. ఆ వల ఇంకా ఏళ్ల తరబడి అలాగే పడుతూ ఉంటుంది. మనం ఆ పక్కనే స్నానం చేసి, గోదారి తల్లికి దణ్ణం పెట్టుకుని ఇంటికొస్తాం. పుష్కరాలకు ఘాట్లకు రంగులు వేయించుకున్నవాళ్లం, ఘాటు కింది వలను ఎత్తించలేకపోయాం.

ఇసుక తోడే డ్రెడ్జర్లు, పట్టణాల మురుగు, రొయ్యల చెరువుల నీళ్లు. వీటి గురించి కొత్తగా చెప్పడానికేమీ లేదు. అందరికీ తెలుసు, అందరం ఊరుకున్నాం. వాటిమీద బతికేవాళ్లు మన బంధువులే కాబట్టి ఊరుకున్నాం.

చేతకాక ఊరుకున్నామనడానికి లేదు. ఇదే చేపను ఇలిష్ అని పిలిచి ప్రాణంగా చూసుకునే బంగ్లాదేశ్ మన కళ్లముందే ఉంది. అక్కడ ఏటా ఆశ్వయుజ పౌర్ణమి చుట్టూ 22 రోజులు ఇలిష్‌ను పట్టడం, అమ్మడం, తరలించడం అన్నీ బంద్. 25 సెంటీమీటర్ల లోపు పిల్లలను నవంబరు నుంచి జూన్ దాకా ముట్టకూడదు. వేటకు వెళ్లలేని కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. 2002-03లో సుమారు 2 లక్షల టన్నులున్న వాళ్ల దిగుబడి 2017-18 నాటికి 5 లక్షల టన్నులు దాటింది. మనకూ వేట నిషేధం ఉంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అది సముద్రానికి. పులస నదీ ముఖానికి చేరేది ఆ నిషేధం ఎత్తేశాకే. అంటే చేప వచ్చే వేళకు పడవలన్నీ మొగల దగ్గర సిద్ధంగా ఉంటాయి. ఈ చిన్న లెక్క మన శాసనసభ్యులకు అర్థమయ్యేలా చెప్పమని ఏ సంఘమూ పట్టుబట్టలేదు, ఏ పత్రికా వరసగా నాలుగు వారాలు రాయలేదు. మేమూ రాయలేదు.

ధర పెంచింది, జన అడిగింది, పెట్టెలు పంపింది, వార్త రాసింది మనం. నీళ్లలో మోకాళ్లదాకా దిగి, ఒక్క చేప పడితే నెల గడుస్తుందని చూసే మనిషిని ముద్దాయిని చేయడం అన్యాయం. పులస గుడ్లు పెట్టే ఆ కొన్ని వారాలు అతణ్ణి వేట మానమంటే, ఆ వారాల అన్నం మనం పెట్టాలి.

ఈ వరదకు జన పులస కొనకండి, ఎవరైనా పంపితే తీసుకోకండి. మీ ఊరి పంచాయతీ తీర్మానంలో మూడు మాటలు రాయించండి: గుడ్ల కాలంలో నదిలో వేటకు సెలవు, ఆ రోజులకు మత్స్యకార కుటుంబానికి భృతి, చిరిగిన వల తెచ్చిస్తే డబ్బిచ్చి తీసుకునే చోటు. ఆ తీర్మానం నకలు మాకు పంపండి. పులస వేలం ధర ఇకమీదట మా పత్రికలో అచ్చు కాదు, ఆ జాగాలో మీ తీర్మానం వేస్తాం.