సీరియల్ ఎన్ని వారాలు నడవాలి?



టెలివిజనులో శాస్త్ర కల్పన సీరియల్ ఒకటి క్రొత్తగా మొదలయిందనుకోండి. రోదసీ నౌక ఉన్నది, తెలివిగల యంత్రాలున్నవి, ఎవరూ చూడని గ్రహం ఉన్నది. మీలో కొందరు, "ఇది ఎప్పటికీ అయిపోకూడదు!" అంటారు. మరి కొందరు, నాలుగు వారాలు కాగానే, "ఊరికే సాగదీస్తున్నారు," అంటారు. ఈ తగవు తీర్చటం ఎలాగ?

ముందు చిన్న లెక్క చూద్దాం. ఏడాదికి 52 వారాలు. అందులో నాలుగో వంతు 13. అందుకే వారానికి ఒకసారి వచ్చే కార్యక్రమాలను 13, 26, 52 భాగాలుగా తయారు చేసే అలవాటు వచ్చింది. మన దూరదర్శన్‌లో చాలా సీరియళ్ళు ఈ లెక్కనే నడిచాయి. 1980లో కార్ల్ సేగన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు విశ్వాన్ని గురించి చెప్పిన "కాస్మోస్" కూడా సరిగ్గా 13 భాగాలే.

అయితే ఇది కాలెండరు లెక్క. కథకు కాలెండరుతో పనేమిటి? 1987 జనవరిలో మొదలైన "రామాయణ్" సీరియల్‌ను 52 భాగాలలో ముగించాలనుకున్నారు. చూసేవారు ఇంకా కావాలన్నారు. పెంచుకుంటూ పోగా 1988 జూలైకి 78 భాగాలయింది. వాల్మీకి ఇచ్చిన కథ అంత పెద్దది గనుక అది సాధ్యమయింది. చిన్న కథను పట్టుకుని అలా పెంచితే ఏమవుతుంది?

మన నూజివీడు పిల్లలకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. చిన్న రసం పండు చేతిలో పిసికి, మూతి కొరికి జుర్రుకుంటాం. రసమంతా అయిపోయాక కూడా టెంకను వదలకుండా చప్పరిస్తే నోటికి వచ్చేది పీచే! అట్లాగని తొందరపడి లేతకాయ కోస్తే, గడ్డిలో ఎన్నాళ్ళు మాగవేసినా ఆ తీపి రాదు. కాయ తొడిమ దగ్గర భుజాలు నిండాయా లేదా అని చూసి రైతు కోస్తాడు. ఎప్పుడు కోయాలో కాయే చెబుతుంది.

కథ కూడా అంతే. కాని కథలలో రెండు జాతులున్నవి. మొదటిది, ఒకే చిక్కుముడి గల కథ. పూర్వం "చందమామ"లో దాసరి సుబ్రహ్మణ్యం గారు వ్రాసిన "తోకచుక్క", "మకరదేవత" వంటి సీరియల్స్ ఈ జాతివి. ముడి విడిపోగానే కథ అయిపోవాలి. రెండవది, ఒకే చట్రంలో వేరువేరు కథలు. భేతాళ కథలు చూడండి. పాత సంస్కృత గ్రంథంలో ఉన్నవి ఇరవై అయిదే. కాని విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకోగానే క్రొత్త కథ, క్రొత్త ప్రశ్న పుట్టించవచ్చును గనుక "చందమామ"లో అవి దశాబ్దాలపాటు నడిచాయి.

శాస్త్ర కల్పనకూ ఇదే సూత్రం. 1991లో వచ్చిన "ఆదిత్య 369" సినిమాలో కాలయంత్రం ఒకసారి వెనక్కు, 1526లో కృష్ణదేవరాయల కాలానికి పోతుంది. ఒకసారి ముందుకు, 2504కు పోతుంది. అంతటితో సరి. అమెరికాలో 1966లో మొదలైన "స్టార్ ట్రెక్" రెండవ జాతిది. కథలో ఆ నౌక అయిదేళ్ళ యాత్రకు బయలుదేరింది. మూడేళ్ళకే, 79 భాగాలయ్యాక, 1969 జూన్‌లో దాన్ని ఆపేశారు. అయినా చూసినవారికి నష్టం లేదు, దాదాపు ప్రతి భాగమూ దానికదే పూర్తి కథ గనుక. ఆ మరుసటి నెలలోనే నిజం మనుషులు చంద్రుడి మీద కాలు పెట్టారు!

శాస్త్ర కల్పనను సాగదీస్తే మరొక ప్రమాదం కూడా ఉన్నది. మొదటి వారంలో, "ఈ యంత్రం వెనక్కే పోగలదు, ముందుకు పోలేదు," అని ఒక నియమం పెడతారు. ఇరవయ్యో వారానికి కథ నిండుకుంటుంది. అప్పుడు ఆ నియమాన్ని తీసి గట్టున పెట్టి, యంత్రాన్ని ముందుకు పంపుతారు. ఆ క్షణంలో అది శాస్త్ర కల్పన కాకుండా పోతుంది. నియమం లేని చోట ఆలోచించటానికి మీకు ఏమీ మిగలదు. ఏ చిక్కు వచ్చినా ఏదో ఒక మాయ వచ్చి తీరుస్తుందని తెలిసిపోతుంది గదా!

కనుక నా తీర్పు వినండి. ఒకే ముడి గల సీరియల్‌కు 13 వారాలు చాలు. మరీ పెద్ద కథయితే 26. వారానికొక కథ చెప్పేదయితే, క్రొత్త ప్రశ్నలు పుట్టినంత కాలం నడవవచ్చు. కాని ఏ జాతిదయినా, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా లేచిపోకూడదు. వారం వారం మీరిచ్చే అరగంట మీ చదువులోంచీ ఆటలోంచీ తీసి ఇచ్చినది. అది తీసుకున్నవారు మీకు బాకీ ఉన్నట్టే.

ఈ నెల మీకొక పని. మీరే ఒక శాస్త్ర కల్పన కథ ఆలోచించండి. అందులోని యంత్రం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో రెండు వాక్యాలలో వ్రాయండి. తరువాత మొదటి భాగం కాదు, చిట్టచివరి భాగం వ్రాయండి. అక్కడికి చేరటానికి ఎన్ని మెట్లు కావాలో వేళ్ళమీద లెక్కపెట్టండి. మీ సీరియల్ అన్ని వారాలు నడవాలి.