విజయవేళ ఒక నవ్వు



గెలిచినవాడు నవ్వకూడదా? 1955లో ఫ్రాన్సు దేశములో ఒక ఫోటో ఈ ప్రశ్నను లేపింది.

ఆ దేశములోని లె మాన్ పట్టణము దగ్గర 24 గంటల కార్ల పందెము జరుగుతుంది. ఆ రోజులలో ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా రాత్రింబగళ్లు ఒకే కారును నడిపేవారు. ఆ సంవత్సరము జూన్ 11, శనివారము సాయంత్రము 4 గంటలకు పందెము మొదలైంది. రెండున్నర గంటలలోపే ఘోరము జరిగింది. జాగ్వార్ కారు నడుపుతున్న ఇంగ్లీషు యువకుడు మైక్ హాథార్న్ పెట్రోలు పోయించుకొనుటకు వేగము తగ్గించాడు. వెనుకనున్న కారు ప్రక్కకు తప్పుకొన్నది. దాని వెనుక అతివేగముగా వస్తున్న మెర్సిడెస్ దానిని ఢీకొని గాలిలోకి లేచింది. ఇంజను, ఇతర భాగములు ఊడి జనము మీద పడ్డాయి. 80 మందికి పైగా ప్రేక్షకులు, ఆ కారు డ్రైవరు పియేర్ లెవెగ్ మరణించారు.

అయినా పందెము ఆగలేదు. జనమంతా ఒక్కసారే బయలుదేరితే అంబులెన్సులకు దారి దొరకదని నిర్వాహకులు చెప్పారు. అర్ధరాత్రి దాటిన తరువాత మెర్సిడెస్ సంస్థ, తన కారు అందరికంటే ముందున్నా, పందెము విరమించింది. జాగ్వార్ జట్టు కొనసాగింది. మరునాడు సాయంత్రము హాథార్న్, అతని జతగాడు ఐవర్ బ్యూబ్ గెలిచారు. షాంపేన్ త్రాగుతూ నవ్వుతున్న హాథార్న్ ఫోటో పత్రికలలో వచ్చింది. ఇందరు చనిపోయిన చోట ఈ నవ్వేమిటని ఫ్రెంచివారు మండిపడ్డారు.

అయితే ఆ ఫోటోలో కనబడని సంగతులున్నాయి. ప్రమాదము తరువాత హాథార్న్ కుమిలిపోతూ కారు దిగాడు. జట్టువారు నచ్చజెప్పగా మరల నడిపాడు. విచారణలో ఏ డ్రైవరునూ దోషిగా తేల్చలేదు. పెరిగిన వేగమునకు ఆ పాత దారి చాలదని తేలింది. మరుసటి పందెమునకు ముందే దానిని వెడల్పు చేశారు. హాథార్న్ 1959 జనవరిలో, 29 ఏండ్ల ప్రాయములోనే, రోడ్డు ప్రమాదములో మరణించాడు.

ఒక్క క్షణపు ఫోటోను బట్టి మనిషి హృదయమును తూచలేము. గనుక అతనిని కఠినాత్ముడని అనను. అయినా ఆ వేడుక తగినది కాదు. ప్రక్క ఇంట శవముంటే పెండ్లివారు మేళము ఆపుతారు. పెండ్లి ఆగదు, మేళము ఆగుతుంది. ఆ సాయంత్రము లె మాన్‌లో కూడా గెలిచినవారికి బహుమానము ఇవ్వవచ్చును. ఆ సీసా మూత మాత్రము తీయకుండా ఉండవలసినది.