కల్పిత సమరములు - కొలమానము

కర్ణార్జునులలో మేటి విలుకాడెవడను వాదము తెలుగునాట తరతరములుగా సాగుచున్నది. నేటి యువకులు ఆ వాదమును అంతరిక్షమునకు గొనిపోయిరి. హైదరాబాదున అమీర్‌పేట శిక్షణాలయములకు పేరొందినది. అచ్చట, పూర్వపు సత్యం థియేటరున్న చోటనే, 2023లో పెక్కు తెరల చిత్రశాల వెలసినది. పొరుగున పంజాగుట్టలోను చిత్రశాలలు గలవు. వైజ్ఞానిక కల్పనాచిత్రమును జూచి వెలువడిన విద్యార్థులు, ఇరానీ చాయ్ చల్లారువరకు, ఏ లోకపు ఆయుధము గురి తప్పదు, ఏ లోకపు విమానము చురుకైనదని వాదించుకొనుట వింత గాదు.

ఇది కాలహరణమని కొందరు పెద్దలు తలంతురు. అది సరి కాదు. వాదము వ్యర్థము గాదు. కొలమానము లేని వాదమే వ్యర్థము.

1966లో అమెరికా టెలివిజనున ప్రారంభమైన 'స్టార్ ట్రెక్' నందు పెద్ద నౌకలు ఓడలవలె పోరాడును. 1977లో వెలువడిన 'స్టార్ వార్స్' నందు చిన్న విమానములు పక్షులవలె ఒరిగి మలుపు తిరుగును. దర్శకుడు జార్జి లూకాస్ రెండవ ప్రపంచయుద్ధపు విమానపోరాట చిత్రములను మాదిరిగా గైకొనుటయే దీనికి కారణము. కాని గాలి లేని శూన్యమున రెక్కలు మలుపునకు తోడ్పడవు. దిశ మారవలెనన్న వాయువును ఎదురు దిక్కునకు చిమ్మవలసినదే. ఇది న్యూటను మూడవ సూత్రము.

ఆ చిత్రముననే శత్రుసైనికులు చేరువనున్న నాయకుని కొట్టజాలరు. నాయకుడు మాత్రము రెండు మీటర్ల రంధ్రమును గురి చూచి కొట్టును. అది ఆయుధబలము గాదు, కథాబలము.

వెలుగు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పయనించును. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరమున నున్నాడు. అంత దూరమున నున్న నౌకను గాంచువాడు సెకనునకు పైగా గడచిన దాని స్థానమునే గాంచును. వాడు ప్రయోగించిన కిరణము చేరుటకు మరల అంత కాలము పట్టును. ఆ రెండున్నర సెకనులలో చురుకైన నౌక తప్పుకొనును. కావున గురిని, చురుకుదనమును విడివిడిగా తూచరాదు. దూరము ఆ రెంటిని ముడివేయుచున్నది.

ఈ లెక్క కల్పనకే పరిమితము గాదు. క్షిపణులకు మార్గము చూపు విద్యను పరిశోధించుటకు అబ్దుల్ కలాం 1988లో హైదరాబాదుననే రీసెర్చి సెంటర్ ఇమారత్‌ను నెలకొల్పెను. 2019 మార్చి 27న భారత క్షిపణి యొకటి సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్న మన ఉపగ్రహమునే పరీక్షార్థము ఛేదించెను. దాని శకలములు కొన్ని నెలల తరబడి కక్ష్యలో తిరుగాడెను. తెరపై శత్రునౌక ప్రేలినంతనే కథ ముగియును. నిజమున శకలములు మిగులును.

అభిమానము తన పక్షమును ఎన్నుకొనవచ్చును. తీర్పును మాత్రము త్రాసునకు విడువవలెను. త్రాసు తన వీరునికి ప్రతికూలముగా మొగ్గినప్పుడు దానిని అంగీకరింపగలవాడే వాదమున నిజముగా గెలిచినవాడు.